బ్రేకు మీద కాలు

ముందే చెబుతున్నాను, నేను చెడ్డవాణ్ని కాను. ఈ మాట ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, ఊళ్లో సగంమంది నన్ను అలాగే అనుకుంటారు. ముప్ఫై నాలుగేళ్లపాటు డ్రైవింగ్ పరీక్ష పెట్టిన మనిషిని నేను. లైసెన్సు కోసం వచ్చినవాళ్లు స్టీరింగ్ ముందు కూర్చుంటే నేను పక్క సీట్లో కూర్చునేవాణ్ని. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు, కుడి కాలి కింద బ్రేకు. పరీక్ష బండిలో పక్క సీటుకి కూడా ఒక బ్రేకు ఉంటుంది. అవతలి మనిషి కొంప ముంచేలా ఉంటే నేను తొక్కాలి. నేను తొక్కానంటే ఆ మనిషి ఫెయిలు. నా అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నా పెద్దా అందరికీ నేను ఫెయిలు సారునే.

వీడ్కోలు సభలో నా గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే మా పై అధికారి లేచి నిలబడి, "ఈయన చాలా జాగ్రత్త గల మనిషి" అన్నాడు. మిగతా మూడు ముక్కలకోసం కాసేపు పైకప్పు వంక చూసి, చివరికి చప్పట్లు తనే మొదలుపెట్టి కూర్చున్నాడు. నాకు అప్పుడేమీ అనిపించలేదు. జాగ్రత్త గల మనిషినేగా, నిజమే చెప్పాడు అనుకున్నాను.

ఆఫీసు క్వార్టరు ఖాళీ చేసి ఊరికి అవతలి కొసన మూడో అంతస్తులో చిన్న ఇంట్లోకి మారాం. అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. ఇక పాపం మా ఆవిడ ఒక్కతే దొరికింది నాకు. టీ పట్టుకుని వంటింట్లోంచి వస్తుంటే "మలుపులో స్పీడు తగ్గించాలి" అనేవాణ్ని. బీరువా దగ్గర్నించి వెనక్కి జరిగితే "వెనకాల చూసుకోలేదు" అనేవాణ్ని. నోరు మూసుకున్నా కాలు ఊరుకునేది కాదు. ఆవిడ కత్తి పట్టినా, కుర్చీ ఎక్కినా, నా కుడి కాలు నేలని నొక్కేది. రెండు నెలలు తిరిగేసరికి నా కుర్చీ ముందున్న తివాచీకి సరిగ్గా పాదమంత చిల్లు పడింది.

ఆ చిల్లు చూసిన రోజున ఆవిడ టీ కప్పు బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమండీ, పెళ్లినాటికి మీకు ఉద్యోగం లేదు. గుర్తుందా?"

"గుర్తుంది. అయితే?"

"అయితే నేను చేసుకున్నది ఫెయిలు సార్ని కాదు. ఆయనకంటే ముందు ఇంకొకాయన ఉండేవారు. ఆయనెక్కడున్నారో వెతికి తీసుకురండి. దొరికేదాకా పొద్దున్నపూట ఇంట్లో కనిపించకండి."

"ఎలా ఉండేవాడేమిటి?"

"నేను చెప్తే కాపీ కొట్టినట్టవుతుంది. మీరే కనుక్కోండి" అని నా చేతికి గొడుగిచ్చి తలుపేసింది. మూడో అంతస్తు మెట్లు దిగుతూ చాలాసేపు ఆలోచించాను. ఆ కుర్రాడి మొహం కూడా సరిగ్గా గుర్తు రాలేదు.

మా ఇంటి వెనక పార్కులో రేకుల షెడ్డు ఒకటుంది. దాని కింద రోజూ నలుగురు కూర్చుంటారు. చీటికీ మాటికీ ఈల వేసే ఈలాయన వాళ్లకి పెద్ద. పదకొండు జేబుల కోటు తొడుక్కుని, ఏది అడిగినా ఏదో ఒక జేబులోంచి తీసిచ్చే ఆయన జేబుల బాబాయి. ఏం చెప్పినా "అవునా?" అని గుడ్లు పెద్దవి చేసే ఆవిడ అవునా అక్కయ్య. రోజూ అరగంట ఆలస్యంగా, ఆయాసపడుతూ, నవ్వుకుంటూ వచ్చే నాలుగో ఆవిడ ఆలస్యమ్మ.

నేను వెళ్లి బెంచీమీద కూర్చుని, గొంతు సవరించుకుని, "నేను ముప్ఫై నాలుగేళ్లపాటు..." అన్నానో లేదో, ఈలాయన చెవులు చిల్లులు పడేలా ఈల వేశాడు.

"ఆగండాగండి! ఆ మాట ఇక్కడ చెప్పకూడదు. ఏం ఉద్యోగం చేశారో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు."

"ఎందుకని?"

"ఇదివరకు చెప్పుకునేవాళ్లం. ఒకాయన డాక్టర్నన్నాడు. ఆ రోజునించి అందరం ఆయనకి నాలుకలు చూపించడమే. భరించలేక రావడం మానేశాడు. ఇంకొకావిడ టీచర్నంది. అప్పట్నించీ మా బాబాయి చెయ్యెత్తి అడిగిగానీ నోరు విప్పేవాడు కాదు."

"అలవాటయిపోయిందండీ" అన్నాడు జేబుల బాబాయి సిగ్గుపడుతూ.

"అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం" అన్నాడు ఈలాయన. "కొత్తవాళ్లకి ముప్ఫై రోజులు టైము. మీలో మాకేం కనిపిస్తే దాన్నిబట్టి మేమే పేరు పెడతాం. ఉద్యోగం వాసన తగిలితే ఆ పేరు చెల్లదు. నలుగురం ఒప్పుకుంటే మీరు మావారు."

"ఒప్పుకోకపోతే?"

నలుగురూ ఒక్కసారే పార్కు మూలకి చూశారు. అక్కడ ఒక పెద్దాయన ఇస్త్రీ బట్టల్లో, ఒంటరిగా, నిటారుగా కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"ముప్ఫయ్యో రోజుదాకా ఆఫీసరుగానే ఉండిపోయారు" అన్నాడు జేబుల బాబాయి జాలిగా. "పేరు దొరకలేదు."

నేను లోపల నవ్వుకున్నాను. మనిషిని తేల్చడానికి ముప్ఫై రోజులా? నాకు పన్నెండు నిమిషాలు చాలేవి. ఇంతమందికి పరీక్షలు పెట్టినవాణ్ని, ఈ పరీక్ష నాకో లెక్కా?

నాలుగో రోజున పూలమొక్క కుండీ ఒకటి మోసుకెళ్లాను. తోటపని ఇష్టమున్న మనిషిగా పేరు వస్తుందని నా ఎత్తు. జేబుల బాబాయి దాన్ని ఎత్తి షెడ్డు పక్కన పెట్టబోయాడు. "కొంచెం ఎడమకి. ఇంకొంచెం. చాలు, చాలు, ఆపండి! అంచు తగిలింది. మళ్లీ మొదట్నించి తీసుకురండి" అన్నాను. ఆయన కుండీ అక్కడే వదిలేసి జేబులోంచి పిప్పరమెంటు తీసి తన నోట్లోనే వేసుకున్నాడు.

పదో రోజున జోకుల పుస్తకం కొన్నాను. హాస్యమున్న మనిషిని కావాలని రాత్రంతా అద్దం ముందు నిలబడి బట్టీపట్టాను. పొద్దున్న చెబుతుంటే అవునా అక్కయ్య కిలకిలా నవ్వింది. "మీరు తొందరపడ్డారు. జోకు ఇంకా పూర్తి కాలేదు. నవ్వాల్సింది తర్వాతి వాక్యానికి" అన్నాను. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. పూర్తయ్యాక కూడా నవ్వలేదు.

పద్దెనిమిదో రోజుకి నా నవ్వు పోయింది. కూర తరుగుతున్న మా ఆవిడ దగ్గర కూర్చుని, "నాకేమిష్టమో చెప్పు" అన్నాను.

"మిమ్మల్నే అడుగుతున్నా. ఏమిష్టం మీకు?"

ఆలోచించాను. ఆవిడ తరగడం పూర్తయింది, తరిగినవి కడగడం కూడా పూర్తయింది. నాకు తట్టిందల్లా ఒక్కటే, కొత్తగా వేసిన రోడ్డుమీద వంకర లేని తెల్లగీత. ఆ మాట పైకి చెప్పడానికి నోరు రాలేదు. నాకు భయం వేసింది. ఒంటిమీంచి ఉద్యోగం విప్పేస్తే లోపల ఎవరూ లేరేమోనని, మా కాపురంలో ఇన్నేళ్లుగా ఒక పెన్సిలూ ఒక కాలూ మాత్రమే బతుకుతున్నాయేమోనని నిజంగా భయం వేసింది. ఆవిడ కనిపెట్టినట్టుంది, తడిచేత్తో నా భుజం తట్టి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఇరవై రెండో రోజున ఒక ఆశ పుట్టింది. షెడ్డు ముందు చిన్నపిల్ల సైకిలు తొక్కుతూ తూలితే, నా కుడి కాలు నేలని గట్టిగా నొక్కింది. జేబుల బాబాయి కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఈ కాలు నేను రోజూ చూస్తున్నా. దానంతటదే కదుల్తుంది. కాలాయన అని పెడితే ఎలా ఉంటుంది?"

"బాగుందే!" అన్నాడు ఈలాయన. "అవునా!" అంది అవునా అక్కయ్య సంబరంగా. నా ప్రాణం లేచివచ్చింది. మూడు చేతులు లేచాయి. ఆలస్యమ్మ చెయ్యి మాత్రం ఒళ్లోనే ఉంది.

"చెల్లదు. ఆ కాలు అన్నయ్యగారిది కాదు, ఉద్యోగానిది" అందావిడ చల్లగా నవ్వుతూ.

"మీకెలా తెలుసు?" అన్నాను, ఒళ్లు మండిపోయి.

"తెలుసులెండి" అంది.

పేరు పోయింది. ఆ వారం అంతా ఆవిడ మీద పళ్లు నూరుకున్నాను. నా కంట్లో కారం కొట్టిన ఈ మనిషి ఎవరై ఉంటుంది? ఎంత ఆలోచించినా ఆ మొహం నేనెక్కడా చూసినట్టు లేదు.

ఇరవై ఏడో రోజున నాకూ ఆలస్యమైంది. పార్కు వెనక వీధిలోంచి అడ్డదారిన వస్తుంటే ఒక చిన్న నీలం కారు కనిపించింది. రెండు బళ్ల మధ్య ఖాళీలోకి వెనక్కి వెళ్లాలని చూస్తోంది. లోపల మనిషి ఎడమకి తిప్పాల్సిన చోట కుడికి తిప్పి, నాలుక పళ్ల మధ్య పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని రివర్సు చేస్తోంది. కళ్లు మూసుకుని! మూడుసార్లు ప్రయత్నించి, వదిలేసి, ముందుకుపోయి, వీధి చివర ఎవరూ బండి పెట్టని బయలులో ఆపింది. అక్కణ్నించి ఆయాసపడుతూ నడిచివచ్చింది. ఆలస్యమ్మ! రోజూ అరగంట ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది.

మనుషుల మొహాలు నాకు గుర్తుండవు. రివర్సు ఒకసారి చూశానంటే చచ్చేదాకా మర్చిపోను. కళ్లు మూసుకుని రివర్సు చేసిన మనిషి నా ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కరే. ఆవిణ్ని నేను ఏడుసార్లు ఫెయిలు చేశాను. ఎనిమిదోసారి నేను జ్వరంతో సెలవు పెడితే మా ఆఫీసు మెతక మనిషి ఎవరో పాస్ చేసి పంపేశాడు. అంటే ఆవిడ మొదటి రోజే నన్ను పోల్చుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఏడుసార్ల కసి ఒక్క చేత్తో తీర్చుకుంటోంది.

ముప్ఫయ్యో రోజున ఊరి బయట ఆనకట్ట దగ్గరికి వెళ్లి, అక్కడ టీ తాగి చేతులెత్తడం వాళ్ల అలవాటట. వెళ్లేది ఆలస్యమ్మ కారులో. ముందు రోజు రాత్రి నాకు కన్ను మూతపడలేదు. పొద్దున్నే మా ఆవిడ బిస్కట్ల డబ్బా చేతికిచ్చి, "పేరు రాకపోయినా ఇంటికి రండి. మూల బెంచీమీద కూర్చోకండి" అంది. ఎగతాళి చేస్తోందేమోనని చూశాను. చెయ్యడం లేదు.

నేను వెనక సీటువైపు నడిచాను. "అన్నయ్యగారు ముందు కూర్చుంటారు" అని ఆలస్యమ్మ తలుపు తీసి పట్టుకుంది. మిగతా ముగ్గురూ వెనక ఇరుక్కున్నారు.

బండి బయల్దేరకముందే అద్దం చూసుకోలేదు. ఒకటి. హ్యాండ్‌బ్రేకు దించకుండా పోనిచ్చింది. రెండు. మలుపులో సిగ్నలు వెయ్యలేదు, తిరిగాక వేసింది. మూడు, నాలుగు. నా కాలు రబ్బరు మ్యాటుని నొక్కుతూనే ఉంది. నోరు మాత్రం కుట్టేసినట్టు మూసుకున్నాను. ఊరు దాటేసరికి ఎనిమిది.

"అన్నయ్యగారూ, ఆ వైపు బ్రేకు లేదు. ఊరికే వెతక్కండి" అందావిడ, వెనకవాళ్లకి వినపడకుండా. వెనకాల ఈలాయన ఈలపాట పాడుతున్నాడు.

"మొదటి రోజే పోల్చుకున్నారన్నమాట" అన్నాను.

"ఏడుసార్లు పక్కన కూర్చున్న మనిషిని మర్చిపోతానా? మీరే నా మొహం ఒక్కసారీ చూళ్లేదు. నా చేతులే చూశారు."

"మరి వాళ్లకి చెప్పలేదేం?"

"చెప్పేస్తే ఆటేముంది? ఫెయిలు సారు ముప్ఫై రోజులు పరీక్ష రాస్తుంటే ఎంత బాగుందనుకున్నారు! నెలరోజులుగా రాత్రిళ్లు తల్చుకుని తల్చుకుని నవ్వుకుంటున్నా."

"ఆ కాలు పేరన్నా ఉంచితే మీ సొమ్మేం పోయేది?"

"ఆ పేరు పెడితే జీవితాంతం తొక్కుతూనే ఉండేవారు" అంది. తర్వాత పరీక్ష పెట్టే గొంతుతో, అచ్చం నా గొంతుతో, "ఇప్పుడు కుడి కాలి బూటు విప్పండి" అంది.

"ఎందుకు?"

"ప్రశ్నలు వెయ్యకూడదు. చెప్పింది చెయ్యాలి. మీరు నాతో అలాగే అనేవారు."

విప్పాను. ఏం చేస్తాను, స్టీరింగ్ ఆవిడ చేతిలో ఉంది.

"మేజోడు కూడా. ఊఁ. ఇప్పుడు కాలు మడిచి సీటు మీద పెట్టుకోండి."

కాలు మడిచి కిందకి దోపుకుని కూర్చున్నాను. కారులో అలా కూర్చోవడం నా జన్మలో అదే మొదలు. తొక్కడానికి కింద ఏమీ లేదు, తొక్కేందుకు కాలూ లేదు. లారీ ఒకటి ఎదురొస్తోంది. ఆవిడ దానివైపు చూడకుండా పక్కనున్న కొండవైపు చూస్తోంది. తొమ్మిది. కిటికీలోంచి ఎండ మోకాలిమీద పడుతోంది. ఈలాయన ఈల పలచబడింది. తొమ్మిది తర్వాత పది రావాలి. రాలేదు.

కళ్లు తెరిచేసరికి బండి ఆగి ఉంది, లోపల నేనొక్కణ్నే ఉన్నాను. నోరు తెరుచుకుని ఉంది, గెడ్డం తడిగా ఉంది. బయట చూస్తే నలుగురూ ఆనకట్ట గోడమీద వరసగా కూర్చుని నన్నే చూస్తూ టీ తాగుతున్నారు. కారు పక్కకి ఒరిగి ఉన్నట్టనిపించింది. దిగి చూస్తే వెనక చక్రం కాలిబాట గట్టు ఎక్కి కూర్చుంది.

"ఎంతసేపైంది?" అన్నాను.

"ముప్పావుగంట. ఊరు దాటినప్పట్నించీ ఒకటే గురక" అన్నాడు జేబుల బాబాయి. "నా ఈలకి తాళం వేశారు మీరు" అన్నాడు ఈలాయన. "గట్టెక్కించినప్పుడు బండి ఎగిరిపడింది. అయినా లేవలేదు. పసిపిల్లాడు నిద్రపోయినట్టు పోయారు" అంది అవునా అక్కయ్య. ఆవిడ "అవునా" లేకుండా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను.

"మరి చేతులెత్తడం?"

"అయిపోయింది. మీరు పడుకునుండగానే ఎత్తాం. కునుకు మావయ్య. నలుగురం" అన్నాడు ఈలాయన.

నేను ఆలస్యమ్మ వైపు చూశాను. ఆవిడ టీ కప్పు నా చేతికిస్తూ, "ఎన్ని తప్పులయ్యాయి అన్నయ్యగారూ?" అంది మెల్లగా.

"తొమ్మిది దాకా లెక్కపెట్టాను."

"ఆ తర్వాత ఇంకో ఇరవై దాకా చేశాను. ఒక గేదె కూడా..."

"చెప్పకు తల్లీ, నీకు పుణ్యముంటుంది" అన్నాను. ఆలస్యమ్మ పకపకా నవ్వింది. ఎందుకో తెలీకుండానే మిగతా ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. కుడి కాలికి ఇంకా బూటు లేదని అప్పుడు చూసుకున్నాను.

ఇంటికి వెళ్లి మా ఆవిడకి పేరు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఎవరి పక్కన నిద్రపోయారు?"

"నేను ఏడుసార్లు ఫెయిలు చేసినావిడ పక్కన."

ఆవిడ గిన్నె పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, మళ్లీ నవ్వింది.

"ఆయనేనండీ" అంది.

"ఎవరు?"

"నేను వెతకమన్నాయన. పెళ్లయిన పదో రోజున మా అక్కా వాళ్లింటికి బస్సులో వెళ్లాం, గుర్తులేదూ? ఎక్కగానే నా భుజంమీద తల పెట్టి పడుకున్నారు. నా కొత్త బట్టలన్నీ చొంగ చేశారు. మన స్టాపు వచ్చింది, పోయింది. చివరి స్టాపుదాకా వెళ్లిపోయాం. కండక్టరు వచ్చి లేపాడు మిమ్మల్ని."

"నువ్వెందుకు లేపలేదు?"

"చేతిలో ఉద్యోగం లేదు, రేపేంటో తెలీదు, ఈయనకింత హాయిగా నిద్రెలా పడుతోందా అని చూస్తూ కూర్చున్నా. అప్పుడే నచ్చారు నాకు. అంతకుముందు పెద్దగా నచ్చలేదులెండి." కుర్చీలోంచి లేస్తూ, "ఉద్యోగం వచ్చాక మీరు మళ్లీ ఏ బండిలోనూ కన్ను మూయలేదు" అంది.

ముప్ఫై నాలుగేళ్లు ఈవిడ నా పక్కన కూర్చుని ప్రయాణాలు చేసింది, నేను డ్రైవర్ల చేతులు చూస్తూ కూర్చున్నాను.

ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. మూల బెంచీ పెద్దాయన్ని కూడా ఒకసారి ఆనకట్టకి తీసుకెళ్లాలని, ఆయన బూట్లు ఎవరు విప్పిస్తారో చూడాలని ఆవిడతో చెబుతున్నాను. బస్సు మలుపు తిరిగింది. డ్రైవరు సిగ్నలు వెయ్యలేదు. నేను చూశాను. నేను చూడటం ఆవిడ చూసింది.

బూటు విప్పి, కాలు మడుచుకుని, ఆవిడ భుజంమీద తల పెట్టాను.

"స్టాపు వస్తే లేపు" అన్నాను.

"లేపను" అంది.